ఇషారా కూడా ఇన్సాఫే

మొన్న ఇత్వార్ పొద్దున మా జిల్లాలో కొత్త బాస్కెట్‌బాల్ రెఫరీలకు ట్రైనింగ్ పెట్టాం. ఇరవైమంది దాకా పిల్లలు వచ్చారు. చేతి ఇషారాలు నేర్పే పని నాది. పిడికిలి బిగించి పైకెత్తితే ఫౌల్. వేళ్లు కలిపి అరచెయ్యి తెరిచి ఎత్తితే వయొలేషన్. రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ట్రావెలింగ్. రెండు చేతులూ నడుము మీద పెడితే బ్లాకింగ్. ఇట్లా గంటసేపు చేయించేసరికి వెనక వరసలో ఒక కుర్రాడికి సబర్ అయిపోయింది.

"బురా నక్కో మానో సార్," అంటూ లేచాడు. "కాల్ సహీగా ఉండాలి గానీ, చెయ్యి ఎట్లా ఎత్తితే ఏం ఫరక్ పడుతుంది? ఫౌల్ ఐతే ఫౌలే కదా. ఇదంతా డాన్స్ క్లాసు లాగుంది."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పాతికేళ్ల కింద ఇదే సవాల్ నేను మా ఉస్తాద్‌ని అడిగాను. ఆయన జవాబ్ ఈ కుర్రాడి వైపే ఉండేది. "ఆంఖ్ హోనా మియా, హాత్ కైకూ?" అనేవారు. ఆయన కన్ను అట్లాంటిది. ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో, ఎవరి కాలు ముందు కదిలిందో ఆయనకు తెలియకుండా పోయేది కాదు. చెయ్యి మాత్రం భుజం దాకా కూడా లేచేది కాదు. ఎవరూ షక్ పడేవాళ్లు కాదు. ఎందుకంటే ఊరంతా ఆయన్ని ఎరుగు. ఆయన విజిల్ వేశారంటే ఏదో ఉండే ఉంటుందని యకీన్.

నేను ఆయన కన్ను నేర్చుకోవడానికి చానా ఏళ్లు కోషిష్ చేశాను. చెయ్యి సంగతి పట్టించుకోలేదు. దాని ఖీమత్ ఎంతో 2009లో తెలిసింది. ఆ కుర్రాడికి ఆ కథే చెప్పాను. మీకూ చెప్తాను. ఇందులో గల్తీ నాదే కాబట్టి చెప్పడానికి షర్మ్ లేదు. ఉన్నా చెప్పాలి.

ఆడపిల్లల ఇంటర్ కాలేజ్ మ్యాచ్ అది. సిమెంట్ కోర్టు. వేపచెట్టు కింద రెండు బెంచీలు కలిపి వేస్తే అదే స్కోరర్ టేబుల్. మైక్ లేదు. డప్పులు మాత్రం ఉన్నాయి, రెండు కాలేజీల వాళ్లూ తెచ్చుకున్నారు. నేనూ ఇంకొకాయనా రెఫరీలం. చివరి క్వార్టర్, మూడు నిమిషాలు మిగిలాయి. రెండు టీములకూ ఒకటి రెండు పాయింట్ల తేడానే.

ఒక పిల్ల బుట్ట కిందికి వచ్చి షాట్ ఎత్తుతుంటే, అవతలి టీం 14 నంబర్ పిల్ల ఆమె మణికట్టు మీద కొట్టింది. నేను మూడు గజాల దూరంలో ఉన్నా. సాఫ్‌గా చూశాను. విజిల్ వేసి పిడికిలి ఎత్తాను. ఇప్పటికీ అడగండి, ఆ కాల్ నూటికి నూరు పాళ్లు సహీ.

ఫౌల్ పట్టిన తర్వాత ఏం చెయ్యాలో చూడనివాళ్ల కోసం చెప్తాను. రెఫరీ స్కోరర్ టేబుల్‌కి కనిపించే చోటికి వచ్చి నిలబడాలి. మొదట ఫౌల్ చేసినవాళ్ల నంబర్ చూపాలి. తర్వాత ఏ రకం ఫౌలో చూపాలి. ఆ తర్వాత ఎన్ని ఫ్రీ త్రోలో, లేకపోతే బంతి ఎటువైపో చూపాలి. ఈ మూడూ చేతులతోనే. ఆ రోజుల్లో జెర్సీ నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉండేవి. ఒకటి, రెండు, మూడు వేళ్లు పాయింట్లకూ ఫ్రీ త్రోలకూ కావాలి కాబట్టి ఆ నంబర్లు వదిలేశారని చెప్పుకునేవాళ్లం. 11 నుంచి 15 దాకా నంబర్లకు ఒక చెయ్యి పిడికిలి పట్టాలి, అది పది. ఇంకో చేతి వేళ్లతో మిగతా అంకె చూపాలి. అంటే 14కి పిడికిలీ నాలుగు వేళ్లూ. 15కి పిడికిలీ అయిదు వేళ్లూ.

ఆ రెండిటికీ ఫరక్ ఒక్క బొటనవేలు.

నేను నడుస్తూనే చెయ్యి ఎత్తాను, నిలబడలేదు. బొటనవేలు సగమే ముడిచాను. నోటితో "పద్నాలుగు" అన్నాను, ఆ డప్పుల్లో అది నాకే వినపడలేదు. టేబుల్ దగ్గర కూర్చున్న డిగ్రీ కుర్రాడు అయిదు వేళ్లు చూశాడు, 15 అని రాశాడు. నేను ఆగి అతను రాసింది చూసుకోకుండా ఫ్రీ త్రోల కోసం పిల్లల్ని వరస పెట్టడానికి వెళ్లిపోయాను.

15 నంబర్ పిల్లకు అప్పటికే నాలుగు ఫౌళ్లు ఉన్నాయి. ఇది అయిదోది. అయిదైతే ఆట నుంచి బయటికి పోవాల్సిందే. టేబుల్ మీద ఎర్ర 5 అంకె పలక లేచింది. దగ్గరున్న నా జోడీ రెఫరీ అది చూసి ఆమెకు చెప్పాడు. ఆ పిల్ల నా వైపు పరుగున వచ్చి "సార్, నేను కాదు సార్, నేను దగ్గర్లో కూడా లేను" అంది. నేను ఫౌల్ గురించి బహస్ చేస్తోందనుకున్నా. అరచెయ్యి చూపించి ఆపాను. ఆ చెయ్యి మాత్రం చానా సాఫ్‌గా అర్థమైంది ఆమెకు. తల వంచుకుని వెళ్లి కూర్చుంది. కోచ్ మార్చుకుందేమో అనుకున్నా. వాళ్ల టీం ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయింది.

మ్యాచ్ అయ్యాక సంతకం కోసం స్కోర్‌షీట్ నా ముందు పెట్టారు. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర కలంతో, రెండో, నాలుగో క్వార్టర్లు నీలం కలంతో రాస్తారు. 15 ఎదురుగా అయిదో గడిలో నీలం సిరా. 14 ఎదురుగా ఖాళీ. అప్పుడు నాకు గొంతు తడారిపోయింది.

స్కోర్‌షీట్ మీది గల్తీని రెఫరీ సంతకం పెట్టకముందు దిద్దొచ్చు. దిద్దాను. ఆమె పేరు పక్కన కొట్టేసి, ఇంకొకరి పేరు పక్కన రాశాను. కాగితానికి ఇన్సాఫ్ జరిగింది. ఆ పిల్ల కూర్చున్న మూడు నిమిషాలు ఎక్కడ దిద్దను?

గేటు దగ్గర సంచీ మీద కూర్చుని ఉంది ఆ పిల్ల, పక్కన వాళ్ల అమ్మీ. వెళ్లి జరిగింది చెప్పాను, మాఫీ అడిగాను. పిల్ల ఏమీ అనలేదు. వాళ్ల అమ్మీ మాత్రం కోపం లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగింది: "మీరు చూసింది సహీయే కదా సార్. మరి మా బిడ్డ కైకూ బయట కూర్చుంది?"

ఆ రోజు నా దగ్గర జవాబ్ లేదు. తర్వాత దొరికింది. నా ఫైసలా సహీయే, కానీ అది నా దిమాగ్ లోనే ఉండిపోయింది. కోర్టులోకి వచ్చింది వేరే ఫైసలా. ఆటలో అమల్లోకి వచ్చేది నేను చూసింది కాదు, నేను చూపింది. టేబుల్ దగ్గర కూర్చున్నవాడు నా కళ్లతో చూడడు. నా వేళ్లు చూసి రాస్తాడు. కాల్ సహీ, ఇషారా గలత్ అనే మాటకు ఆ పిల్ల వైపు నుంచి మతలబే లేదు. ఆమెకు జరిగింది ఒకటే, గలత్ కాల్.

ఇది మా చిన్న ఊరి ముచ్చటే కదా అనుకుంటున్నారేమో. బాస్కెట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఝగడా కూడా ఇట్లాంటిదే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా, సోవియట్ యూనియన్. ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదలైన దగ్గర్నుంచి అమెరికా అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మూడు సెకన్లు మిగిలుండగా డగ్ కాలిన్స్ మీద గట్టి ఫౌల్ జరిగింది. రెండు ఫ్రీ త్రోలూ వేశాడు, అమెరికా 50–49. ఆ ఫౌల్ గురించి గానీ, ఆ ఫ్రీ త్రోల గురించి గానీ ఎవరికీ తక్రార్ లేదు. కాల్ వరకు అంతా సహీ.

తక్రార్ అంతా ఖబర్ చేరడం దగ్గర. కాలిన్స్ రెండో ఫ్రీ త్రో ఎత్తుతుండగా టేబుల్ దగ్గర హారన్ మోగింది. రెఫరీ ఆట ఆపలేదు. మేం టైమౌట్ అడిగాం, మాకు ఇవ్వలేదు అని సోవియట్ కోచ్‌ల దావా. అడిగిన సంగతి కోర్టులోని రెఫరీలకు అందలేదు. ఒక సెకను మిగిలుండగా ఆట ఆగింది. ఫీబా సెక్రటరీ జనరల్ విలియం జోన్స్ వచ్చి మూడు సెకన్లు తిరిగి పెట్టమన్నాడు. గడియారం సరిగా పెట్టకముందే బంతి ఆటలోకి ఇచ్చేశారు. హారన్ మోగింది, అమెరికా వాళ్లు గెలిచామని గంతులేశారు. కాదు, మళ్లీ ఆడాలన్నారు. మూడోసారి ఇవాన్ ఎదెష్కో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి విసిరాడు, అలెగ్జాండర్ బెలోవ్ అందుకుని బుట్టలో వేశాడు. 51–50. అమెరికా అప్పీల్ 3–2 ఓట్లతో ఖారిజ్ అయింది. ఆ ఆటగాళ్లు వెండి పతకాలు తీసుకోలేదు.

ఇందులో ఒక చిన్న సంగతి నన్ను వదలదు. మూడోసారి ఎదెష్కో బంతి విసరబోయే ముందు, దాదాపు ఏడడుగుల టామ్ మెక్‌మిలన్ అతని ఎదురుగా చేతులు చాచి నిలబడి ఉన్నాడు. బల్గేరియా రెఫరీ అతని వైపు చెయ్యి కదిలించాడు. మెక్‌మిలన్ వెనక్కి జరిగాడు. ఎదెష్కోకి దారి ఖాళీ అయింది. రెఫరీ నన్ను వెనక్కి పొమ్మన్నాడు, వినకపోతే టెక్నికల్ ఫౌల్ పడుతుందని డరీ జరిగాను అని మెక్‌మిలన్ తర్వాత చెప్పాడు. నా ఇషారా మతలబ్ అది కాదు అని రెఫరీ చెప్పాడు. ఇద్దరూ సచ్చే చెప్తూ ఉండొచ్చు. ఒక చెయ్యి కదిలింది, దాన్ని ఒకరు ఒకలాగా అన్నారు, ఇంకొకరు ఇంకొకలాగా విన్నారు.

అయితే కాల్ సహీగా ఉండటం చిన్న సంగతా? కాదు. నా మీద ఆ ఇల్జామ్ వెయ్యొద్దు. ఆ వైపున్న మాటలు కూడా ఇన్సాఫ్‌గా చెప్పాలి.

మొదటిది, ఇషారా చూడటం సులువు, కన్ను చూడటం కష్టం. అందుకే రెఫరీలను పరీక్షించేవాళ్లు మార్కులు చేతికి వేస్తారు. మోచెయ్యి వంగిందా, పిడికిలి నిటారుగా ఉందా అని రాసుకుంటారు. వాడు నిలబడిన చోటు నుంచి ఆ ఫౌల్ కనిపిస్తుందా అని ఎవరూ రాసుకోరు. అద్దం ముందు చేతులు తిప్పడం నేర్చుకుని, డిఫెన్స్ చేసేవాడికి నిటారుగా ఎగిరే హక్కు ఉందన్న సంగతి తెలియని రెఫరీలను నేను చూశాను. అట్లాంటివాళ్లను చూసే ఆ కుర్రాడికి డాన్స్ క్లాసు గుర్తొచ్చి ఉంటుంది. ఆ కోపం నాకూ ఉంది.

రెండోది ఇంకా ఖతర్నాక్. మా వాళ్లలో "కాల్ అమ్మడం" అనే మాట ఉంది. షక్ ఉన్నప్పుడు విజిల్ ఇంకా గట్టిగా వెయ్యి, చెయ్యి ఇంకా జోరుగా కొట్టు, అప్పుడు ఎవడూ అడగడు అని పెద్దవాళ్లే నేర్పుతారు. ఛార్జింగ్ ఫౌల్‌కి పిడికిలితో అరచేతిలో గుద్దే ఇషారా ఉంది. దాన్ని ఎంత చప్పుడుతో గుద్దితే అంత యకీన్ ఉన్నట్టు. నేనూ అమ్మాను, అబద్ధం ఎందుకు? తనకే తెలియనిదాన్ని తెలిసినట్టు చూపే చెయ్యి నక్లీ నోటు లాంటిది. అట్లాంటి ఇషారా కన్నా మా ఉస్తాద్ లేవని చెయ్యే నయం.

మూడోది, దునియా అంతా ఇప్పుడు కాల్ వెంటే పోతోంది. అమెరికాలో ఎన్‌బీఏకి ముగ్గురు రెఫరీలు, రీప్లే, కోచ్ ఛాలెంజ్. 2015 నుంచి హోరాహోరీ మ్యాచుల్లో చివరి రెండు నిమిషాల కాల్ ఒక్కొక్కటీ సహీనా గలతా అని వాళ్లే రిపోర్ట్ బయటపెడుతున్నారు. వెయ్యని విజిల్‌కి కూడా హిసాబ్ చెప్తారు. మంచి పని. కానీ ఆ రిపోర్ట్ వల్ల ఆట ఫలితం మారదు. అంత సామాన్ ఉన్నా గల్తీలు వస్తూనే ఉన్నాయని ఆ రిపోర్టే గవాహీ ఇస్తుంది.

నా అసల్ మాట ఇక్కడే ఉంది. కన్ను ఎంత మంచిదైనా నూటికి నూరు ఎప్పటికీ రాదు. పది మంది కదులుతుంటే, ఇద్దరు రెఫరీలకు నాలుగే కళ్లు. చూడలేకపోయిన ఫౌల్‌కి మాఫీ ఉంది. ఇషారా అట్లా కాదు. ఆగి నిలబడటం, వేళ్లు పూర్తిగా చాచడం, బొటనవేలు పూర్తిగా ముడవడం, టేబుల్ దగ్గరవాడు తల ఊపేదాకా చెయ్యి దించకపోవడం, వీటికి కెమెరా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. రెఫరీ పనిలో నూటికి నూరు మన చేతిలో ఉన్న భాగం ఇదొక్కటే. అందులో గల్తీ చేస్తే దానికి బహానా లేదు.

ఇంకో మాట. ఇషారా సరిగ్గా చెయ్యడం నేర్చుకుంటే కన్ను కూడా బాగుపడుతుంది. అమెరికా స్కూల్ బాస్కెట్‌బాల్‌లో ఒక విచిత్రమైన నియమం ఏళ్ల తరబడి ఉంది. ఇద్దరు ఆటగాళ్లు గుద్దుకున్నారు. ఒక రెఫరీ చేతులు నడుము మీద పెట్టి డిఫెన్స్ వాడిది బ్లాక్ అన్నాడు. అదే క్షణంలో ఇంకో రెఫరీ చెయ్యి తల వెనక పెట్టి బంతి ఉన్నవాడిది ఛార్జ్ అన్నాడు. అప్పుడు ఇద్దరూ కలిసి మాట్లాడుకుని ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యడానికి వీల్లేదు. రెండు ఫౌళ్లూ రాయాల్సిందే. ఒక బేగునా ఆటగాడి మీద ఫౌల్ పడుతుందని తెలిసినా సరే. చూపిన చెయ్యికి అంత వజన్ ఇచ్చారు వాళ్లు. అందుకే అక్కడి రెఫరీలకు మొదట నేర్పేది ఆగడం. విజిల్, పిడికిలి, అంతే. జోడీ వైపు చూడు. అది ఎవరి ఇలాఖాలో జరిగిందో వాడికి వదులు. ఆ తర్వాతే మిగతా ఇషారా. ఆ ఒక్క సెకను ఆగడంలోనే కన్ను చూసినదాన్ని దిమాగ్ మళ్లీ చూసుకుంటుంది. 2009లో నేను ఆగి నిలబడి ఉంటే నా బొటనవేలు నాకే కనిపించేది.

మా ఉస్తాద్ మీద నాకు గిలా లేదు. ఆయనకు చెయ్యి అక్కర్లేదు, ఎందుకంటే ఆయన మాట నమ్మే ఊరు ఆయన చుట్టూ ఉంది. బయటి ఊరికి పోయిన రెఫరీకి ఆ పూంజీ ఉండదు. భాష వేరు, జనం వేరు, ఆ పిల్లలకు మనం ఎవరమో తెలియదు. అక్కడ మన నియ్యత్‌కి సుబూత్ మన చెయ్యే. అంతర్జాతీయ మ్యాచుల్లో టేబుల్‌కి నోటితో కూడా ఇంగ్లీషులో చెప్పమంటారు. కానీ ఇంగ్లీషు రానివాడికి కూడా ఆ పిడికిలి, ఆ నాలుగు వేళ్లు అర్థమవుతాయి.

ఇక మీతో, బిడ్డల్ని కోర్టుకు తోలుకొచ్చే అబ్బాలతో, అమ్మీలతో ఒక మాట. విజిల్ వినగానే అరవకండి. మూడు సెకన్లు రెఫరీ చేతులు చూడండి. ఎవరు, ఏం చేశారు, తర్వాత ఏంటి, ఈ మూడు జవాబులూ అక్కడ ఉండాలి. ఉంటే, మీకు నచ్చకపోయినా ఆయన తన పని చేశాడు. లేకపోతే మీ టీం కోచ్‌తోనో కెప్టెన్‌తోనో అదబ్‌గా అడిగించండి. "ఎందుకు ఇచ్చారు" అని కాదు, "ఎవరిది, ఏ ఫౌల్" అని. అది అడగడం మీ హక్కు. ఆ రోజు ఆ 15 నంబర్ పిల్ల తరఫున ఎవరైనా అట్లా అడిగుంటే, సంతకం దాకా పోకుండానే నా గల్తీ బయటపడేది. ఆమె నా దగ్గరికొచ్చి చెప్పింది. నేనే వినలేదు.

ట్రైనింగ్‌కి వచ్చిన ఆ కుర్రాడికి ఈ కథ చెప్పాక బహస్ పెట్టలేదు. కోర్టు వెడల్పు 15 మీటర్లు. అతన్ని ఆ గీత మీద నిలబెట్టి, ఈ గీత మీద ఒక పిల్లకు కాగితం, కలం ఇచ్చాను. పది నంబర్లు అతని చెవిలో చెప్పాను. నోరు తెరవకుండా చేతులతో చూపమన్నాను. మిగతావాళ్లందరినీ చప్పట్లు కొట్టి గోల చెయ్యమన్నాను.

పిల్ల రాసినవాటిలో ఏడు సరిపోయాయి, మూడు తప్పాయి. ఆ మూడింటిలో ఒకటి 14. కుర్రాడు కాగితం తీసుకుని కాసేపు చూశాడు. తన ఎడమ చెయ్యి ఎత్తి బొటనవేలు చూసుకున్నాడు. "ఇంకోసారి చేస్తాను సార్" అని గీత మీదికి తిరిగి వెళ్లాడు.